కారపు బిస్కత్తు: ఒక యింటి సుఖము

సుఖమను మాట పెద్దది. కాని ఇంటిలో పుట్టు సుఖములు మిక్కిలి చిన్నవి. ఎండలో ఆరిన దుప్పటిని రాత్రి కప్పుకొనుట, వాన కురియు సాయంకాలము వీధి యరుగుపై కూర్చుండి వేయించిన వేరుసెనగకాయలు ఒలుచుకొనుట, బడి విడిచి వచ్చిన పిల్లవాడు గడపలోనే నిలిచి వంటయింటి వాసననుబట్టి ఆనాటి ఫలాహార మేదియో ఊహించుట - ఇవి ఆ కోవలోనివి. వీనికి ధనముతో పెద్దగా పని లేదు. అయినను ఇవి వాటంతట అవి వచ్చునవి కావు. దుప్పటిని ఎవరో ఉతికి ఆరవేసిరి. కాయలను ఎవరో మూకుటిలో వేయించిరి. పిల్లవాడు గడప త్రొక్కకమునుపే ఎవరో పొయ్యి ముందు గంటసేపు నిలిచిరి. ఇంటి సుఖములను కొనియాడువారు తఱచుగా మఱచునది ఈ ‘ఎవరో’నే.

ఈ సంగతిని పరిశీలించుటకు ఒక చిన్న పదార్థము చాలును. అది కారపు బిస్కత్తు. మైదాపిండి, వెన్న, పెరుగు, పచ్చిమిరపకాయ, కరివేపాకు కలిపి, ఒత్తి, కాల్చి చేయు ఈ ఉప్పని బిస్కత్తు బెంగుళూరు నగరమునందలి అయ్యంగారి బేకరీలలో ప్రసిద్ధము. గ్రుడ్డు కలుపక చేయుట ఆ బేకరీల సంప్రదాయము. కన్నడ దేశపు సరిహద్దునకు చేరువనున్న హిందూపురము, మదనపల్లె ప్రాంతముల వారికి దీని రుచి క్రొత్తది కాదు. దీని పేరు పరాయిది, రూపము పరాయిది. కాని నాలుకకు తగులునది మన పోపులోని కరివేపాకు, మన పచ్చడిలోని మిరప. అయినను దీనిని అంగడిలో కొనుటయే గాని ఇంటిలో చేయవచ్చునను తలంపు చాలమందికి కలుగదు. కలుగకపోవుటకు కారణములు కలవు. అవి తెలిసికొనదగినవి.

ఓడనుండి ఊరికి

బిస్కత్తు అను మాటకు మూలము లాటిను భాష. ‘బిస్’ అనగా రెండుమార్లు. ‘కోక్టస్’ అనగా వండినది. ఫ్రెంచి భాషమీదుగా ఆ మాట ఇంగ్లీషులోనికి వచ్చినది. పూర్వులు దీనిని రెండుమార్లు కాల్చినది నిలువకొఱకు. నెలల తరబడి సముద్రముపై తిరుగు ఓడలలో మెత్తని రొట్టె బూజు పట్టును. పిండిని, నీటిని కలిపి కాల్చి, తడి యంతయు పోవువఱకు ఆరబెట్టిన బిళ్ళలు మాత్రము నిలిచెడివి. అవి ఱాతివలె గట్టివి. నావికులు వానిని బల్లపై తట్టి, లోని పురుగులు రాలిన పిదప, పులుసులోనో నీటిలోనో నానబెట్టుకొని తినెడివారు. నేడు తేనీటితో ముచ్చటగా తిను పదార్థము తొలుత విధిలేక తినిన ఆహారము.

భారతదేశములో బిస్కత్తుల తయారీ 19వ శతాబ్ది చివరి భాగమున వేళ్ళూనినది. కేరళములోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు 1880లో బిస్కత్తుల కర్మాగారమును స్థాపించెను. కలకత్తాలో 1892లో 295 రూపాయల పెట్టుబడితో ప్రారంభమైన చిన్న వ్యాపారమే తరువాత బ్రిటానియా సంస్థగా పెరిగెను. బొంబాయిలోని పార్లే సంస్థ 1939లో బిస్కత్తులు చేయుటకు పూనుకొనెను.

అయితే ఆ దినములలో బిస్కత్తు గడప దాటి ఇంటిలోనికి వచ్చుట సులభము కాలేదు. ఎవరు కలిపిరో, ఏ నీటితో కలిపిరో తెలియని పిండివంటను ఆచారపరులు ముట్టెడివారు కారు. బంగాళములో రాజనారాయణ బోసు తాను బ్రహ్మసమాజమున చేరిన నాడు, కులనియమములను ఇక పాటింపమని చాటుటకై బిస్కత్తులు తినిన సంగతిని తన ఆత్మకథలో చెప్పుకొనెను. ఒక బిస్కత్తును కొఱుకుటయే సంఘసంస్కరణమైన కాలమది! తెలుగు పల్లెలలో సైతము అది చాలకాలము జ్వరము తగిలినవారి పథ్యముగానే పరిచయము. జ్వరపడిన తోబుట్టువును చూచి తక్కిన పిల్లలు అసూయపడుటకు తలగడ ప్రక్కనున్న బిస్కత్తుల పొట్లమే కారణము.

పొయ్యిలోని భేదము

బిస్కత్తు మన యిండ్లలో పుట్టకపోవుటకు ఆచారముతోపాటు పొయ్యియు కారణమే. తెలుగువారి పొయ్యిలో నిప్పు క్రింద నుండును. క్రింది నిప్పుతో నీటిని మరిగింపవచ్చును, ఆవిరిపై ఉడికింపవచ్చును, పెనముపై కాల్చవచ్చును, నూనెలో వేయింపవచ్చును. మన వంటలలో పెక్కు ఈ నాలుగు మార్గములనే పెరిగినవి. నలువైపులనుండియు పొడివేడి సమముగా తగులు మూసిన పొయ్యి, అనగా ఓవెను, మన వంటయింటిలో లేకుండెను. హైదరాబాదు నగరమున రొట్టెల బట్టీలు కలవు. అచ్చటి ఇరానీ హోటళ్ళలో తేనీటితోపాటు వచ్చు ఉస్మానియా బిస్కత్తు ఉప్పును తీపిని కలిపిన రుచికి పేరు పొందినది. కాని అదియు అంగడి సొత్తే.

కరకరలాడు ఉప్పని పదార్థము కావలెనన్నచో తెలుగు ఇల్లాలు నూనె మూకుడు పెట్టెను. చెక్కలు, జంతికలు, చేగోడీలు అట్లు పుట్టినవే. వాని రుచికి సాటి లేదు. కాని ఆ వంటలో ఒక కష్టము కలదు. కాగు నూనె ముందునుండి మనిషి కదలరాదు. పిల్లలను దరికి రానీయరాదు. వేసవి యైనను, పండుగ యైనను, ఒక్కరు ఆ సెగలో కూర్చుండవలెను. తక్కినవారు వసారాలో కూర్చుండి వేడివేడిగా తినుచుందురు. వాయ వెంట వాయ దించుచున్న తల్లికి చివరి వాయ వఱకు తీరిక చిక్కదు. తీరిక చిక్కునప్పటికి నూనె వాసనతోనే ఆమె ఆకలి చచ్చిపోవును. జంతికల సుఖము ఇంటిల్లిపాదిది; వాని శ్రమ ఒక్కరిది.

బిస్కత్తు సంగతి వేఱు. ఇందులో నిప్పు మూతలోపల నుండును, మనుష్యులు వెలుపల నుందురు. పిండిని తూచుట మొదలు బిళ్ళలు కోయుట వఱకు అగ్నితో పనియే లేదు. కావున ఆ పనిలో చిన్నలు, పెద్దలు అందఱును పాలుపంచుకొనవచ్చును. కారపు బిస్కత్తును ఇంటిలో చేయుటవలని అసలు మేలు ఇదియే. రుచి దాని తరువాతిది.

కొలతలు, చేతులు

నేడు పెక్కు ఇండ్లలో చిన్న విద్యుత్ ఓవెనులు ఉన్నవి. లేనివారు పూర్వము కొందఱు ఎఱిగిన ఉపాయమునే అనుసరింపవచ్చును. మందపాటి పెద్ద గిన్నెలో రెండంగుళముల మందమున శుభ్రమైన పొడి యిసుక పోసి, దానిపై ఒక ఇనుప కుదురు నుంచి, బిగువైన మూత పెట్టి పావుగంటసేపు వేడిచేసినచో అదియే ఓవెను అగును. ఇసుక వేడిని నిదానముగా గ్రహించి నిదానముగా విడుచును. అందువలన పళ్ళెము అడుగు మాడకుండును. బొగ్గుల కుంపటి వాడు దినములలో మూతపై కూడ నిప్పుకణికలు పేర్చెడివారు. అట్లు పైనుండియు వేడి తగిలెడిది. కుంపటిని మాత్రము మూసిన గదిలో ఉంచరాదు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాసన లేని వాయువు, ప్రాణాంతకమైనది.

ఇక కొలతలు. సుమారు 30 బిస్కత్తులకు 200 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల పంచదార, పావు చెంచా వంటసోడా, రెండు లేక మూడు పెద్ద చెంచాల గట్టి పెరుగు, మూడు పచ్చిమిరపకాయలు, ఒక రెమ్మ కరివేపాకు, కొంచెము కొత్తిమీర, అర చెంచా జీలకర్ర. అంగడిలో కొనిన వెన్నలో ఉప్పు కలిసియున్నచో, వేయు ఉప్పును తగ్గింపవలెను. ఇంటిలో చిలికిన వెన్నలో నీరు ఎక్కువ. అట్టి వెన్నకు పెరుగు తక్కువ పట్టును. మైదా వలదనువారు సగము గోధుమపిండి కలుపవచ్చును. బిస్కత్తు కొంత గరుకుగా వచ్చును, అంతియే.

పనులను పంచుకొను విధము చూడుడు. తూచుట లెక్కలు నేర్చిన పెద్దపిల్లకు తగిన పని. ఉప్పు, సోడా కలిపి పిండిని జల్లించుట చిన్నవానికి ప్రీతి; ముక్కుకొనకు పిండి అంటుకొనుట ఆ పనికి కూలి. మోకాళ్ళ నొప్పులవలన పొయ్యి దరికి పోలేని నాయనమ్మ కూర్చున్నచోటనే మిరపకాయలను, ఆకులను సన్నగా తఱిగి ఇచ్చును. ఆమె తఱిగినంత సన్నగా ఆ యింట మఱి యొకరు తఱుగలేరు. వెన్నను పిండిలో వేసి వ్రేళ్ళకొనలతో రవ్వవలె అగువఱకు నలుపుట, తరువాత తక్కినవన్నియు చేర్చి పెరుగుతో ముద్దగా కూర్చుట తండ్రి పని. తల్లి ఆ మధ్యాహ్నము కిటికీ ప్రక్కన కూర్చుండి పుస్తకము చదువుకొన్నను బిస్కత్తులు కాలును.

ముద్దను తడిగుడ్డ కప్పి అరగంటసేపు చల్లని చోట ఉంచవలెను. పిదప అప్పడాల కఱ్ఱతో అర సెంటీమీటరు మందమున ఒత్తి, చిన్న డబ్బా మూతతో బిళ్ళలుగా కోసి, ఒక్కొక్క దానిని ముల్లుచెంచాతో నాలుగైదు చోట్ల పొడిచి పళ్ళెములో పేర్చవలెను. ఓవెనులో 170 మొదలు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో 18 లేక 20 నిమిషములు చాలును. ఇసుక గిన్నెలో కొంత హెచ్చు కాలము పట్టును. అంచులు బంగారు వన్నె తిరుగుటయే గుఱుతు. వేడి పళ్ళెమును దించుట పెద్దల పని. పిల్లలు అప్పుడు దూరముగ నుండవలెను.

మూతలోపలి శాస్త్రము

ఈ పనిలోని ప్రతి మెట్టునకు ఒక కారణము కలదు. దానిని అడుగుట పిల్లల హక్కు. చెప్పుట పెద్దల బాధ్యత.

వెన్నను ముందుగా ఎందుకు నలుపవలెను? గోధుమలో రెండు విధములైన మాంసకృత్తులు కలవు. నీరు తగిలి, చేతి మర్దనము తోడైనప్పుడు అవి కలిసి గ్లూటెను అను సాగు పదార్థము అగును. చపాతీ ముద్ద సాగుటకు అదియే కారణము. బిస్కత్తునకు ఆ సాగుదల పనికిరాదు; అది విఱుగవలెను. వెన్న పిండిరేణువుల చుట్టు పొరవలె అంటుకొని నీటిని లోనికి పోనీయదు. అందువలననే పెరుగు చేర్చిన పిమ్మట చపాతీ పిండివలె పిసుకరాదు. చేతిబలము చూపినవాని బిస్కత్తు గట్టిపడును. ఈ వంటలో బలముకంటె సంయమమునకు విలువ హెచ్చు.

పెరుగులోని పులుపు లాక్టికామ్లము. అది వంటసోడాను కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి ముద్దను గుల్లబఱచును. ముల్లుచెంచాతో పొడిచిన రంధ్రములనుండి లోని ఆవిరి వెలుపలికి పోవును; ఆ రంధ్రములు లేకున్నచో బిస్కత్తు పూరీవలె పొంగును.

ఇక బంగారు వన్నె. ఇడ్డెనను ఎంతసేపు ఆవిరిలో ఉంచినను తెల్లగానే యుండును. బిస్కత్తు మాత్రము ఎఱ్ఱబడును. కారణమేమి? నీటి ఆవిరి వేడి 100 డిగ్రీల దరిదాపులనే నిలిచిపోవును. ఓవెనులో పిండిపైని తడి ఆవిరియైన తరువాత దాని వేడి అంతకు మించి పెరుగును. సుమారు 140 డిగ్రీలు దాటినప్పుడు చక్కెరలును, మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములును వేగముగా కలిసి క్రొత్త రంగులను, క్రొత్త వాసనలను పుట్టించును. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ ఈ చర్యను 1912లో వివరించెను. నేటికిని అది ఆయన పేరనే పిలువబడుచున్నది. దోసె అడుగు ఎఱుపు, వేయించిన కాఫీగింజల వాసన ఈ చర్యకు ఋణపడినవే. బడినుండి వచ్చిన పిల్లవానిని గడపలో నిలిపివేయునదియు చాలవఱకు ఇదియే.

క్రొత్తగా చేయువారు తఱచుగా ఒక పొరపాటు చేయుదురు. నిర్ణీత కాలము గడిచిన పిమ్మట బిస్కత్తును తాకి చూతురు. అది మెత్తగా నుండును. పచ్చిగా ఉన్నదనుకొని మరల లోన పెట్టుదురు. పది నిమిషములలో పళ్ళెమంతయు నల్లబడును. వేడిలో వెన్న కరగియుండును గనుక బిస్కత్తు అప్పుడు మెత్తగా తోచును. చల్లారినప్పుడే అది కరకరలాడును. ఈ సంగతిని నోటితో నూఱుమార్లు చెప్పినను తలకెక్కదు. ఒక పళ్ళెము మాడినచో జన్మలో మఱపురాదు.

మఱియొక వింత కలదు. రొట్టెను గాలిలో ఉంచినచో గట్టిపడును. బిస్కత్తును ఉంచినచో మెత్తబడును. రొట్టెలో తడి హెచ్చు. కొంత తడి పోవుటవలనను, లోని పిండిపదార్థపు అణువులు మరల గట్టిగా పేరుకొనుటవలనను అది బిరుసెక్కును. బిస్కత్తులో తడి మిక్కిలి తక్కువ. వానకాలపు గాలిలోని తేమను అది పీల్చుకొనును. అట్లు మెత్తబడిన వానిని పాఱవేయ నక్కఱలేదు. సన్నని వేడిలో ఐదారు నిమిషములు మరల ఉంచి చల్లార్చినచో కరకర తిరిగి వచ్చును. రెండుమార్లు కాల్చినదను పురాతనమైన పేరు అప్పుడు సార్థకమగును.

ఎవరి శ్రమ?

అంగడిలో పది రూపాయలకు పొట్లము దొరకుచుండగా ఇంత ప్రయాస యెందుకను ప్రశ్న సహజము. ఖర్చు లెక్క చూచినచో వెన్న ధరకే అంగడి పొట్లములు పెక్కు వచ్చును. ఆకారమున అంగడి బిస్కత్తు ఇంటిదానికంటె చక్కనిది. నిలువయు దానికే హెచ్చు. ఈ విషయములలో ఇంటి బిస్కత్తు ఓడిపోవును, దానిని దాచనక్కఱలేదు.

ఇంకను ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. ఇంటి వంట ఆరోగ్యము, ఇంటి వంట ఆనందము అనుచు, ఇదివఱకే వంటయింటిలో అలసియున్న ఇల్లాలి తలపై ఈ బిస్కత్తును గూడ మఱియొక బరువుగా మోపుదురేని, అట్టి బిస్కత్తుకంటె అంగడి బిస్కత్తే మేలు. కొనుటవలన పోవునది కొంత ధనము. ఒక్కరిపై మోపుటవలన పోవునది ఆమె ఆదివారము. పిండి కలుపుటకు ఉత్సాహముతో వచ్చిన చేతులు గిన్నెలు తోముటకు గూడ రావలెను. వెన్న పట్టిన గిన్నె చల్లనీటికి వదలదు. వేడినీరు కావలెను, ఓపిక కావలెను. పళ్ళెము కడిగి బోర్లించువఱకు బిస్కత్తు చేయుట ముగియలేదనియే లెక్క.

పనిని పంచుకొన్న యింటిలో మాత్రము ఈ చిన్న వంట అంగడి ఇయ్యలేని దానిని ఇచ్చును. పొట్లము చింపిన పిల్లవానికి బిస్కత్తు ఒక వస్తువు. తూచి, నలిపి, పొడిచి, పళ్ళెము ప్రక్కన గడియారమును చూచుచు నిలిచిన పిల్లవానికి అది కొన్ని కారణముల ఫలము. ఉప్పు హెచ్చినచో ఎందుకు హెచ్చినదో వానికి తెలియును. తరువాతి వారము తగ్గించుట తన చేతిలోనే యున్నదనియు తెలియును. ఒక వస్తువు ఎట్లు తయారగునో ఎఱిగినవాడు, అంతకంటె ముఖ్యముగా, దానిని తయారుచేసిన వారి శ్రమను తేలికగా చూడజాలడు. నాటి సాయంకాలము అమ్మ పెట్టిన పప్పులో ఉప్పు తక్కువైనదని వాడు పళ్ళెమును త్రోసివేయుటకు కొంచెము వెనుదీయును.

ఉపాధ్యాయులకు గూడ ఇందులో పనికివచ్చునది కలదు. నిష్పత్తి పాఠమునకు రెండు పాళ్ళు పిండి, ఒక పాలు వెన్న అనుదానికంటె సులభమైన ఉదాహరణము దొరకదు. 30 బిస్కత్తుల కొలతను 45 మంది విద్యార్థులున్న తరగతికి పెంచుట ఒక చక్కని లెక్క. ఆమ్లక్షారముల చర్య, ఉష్ణప్రసారము, ఆవిరి పీడనము - ఇవన్నియు ఒక్క పళ్ళెములో ఇమిడియున్నవి. బాలురకును బాలికలకును ఈ పాఠము సమానముగా చెప్పవలెనని వేఱుగా వ్రాయనక్కఱలేదు.

చల్లారిన బిస్కత్తులు డబ్బాలోనికి చేరునప్పటికి విఱిగినవి, వంకరపోయినవి, అంచు మాడినవి అప్పుడే పిల్లల నోటిలోనికి పోయియుండును. మిగిలినవానిలో ఏ రెండును ఒక్క తీరున ఉండవు. సాయంకాలము వచ్చిన చుట్టము తేనీటితో ఒకటి కొఱికి, బాగున్నవే, ఎవరు చేసిరని అడుగును. తూచినది నేను అని ఒకరు, జల్లించినది నేను అని ఒకరు, మిరపకాయలు నావి అని నాయనమ్మ, గిన్నెలు తోమినది తానని తండ్రి ఒక్కసారిగా పలుకుదురు. పుస్తకము మూసి తల్లి నవ్వును. ఆ యింటిలో ఆనాడు ‘ఎవరో’ చేసిన పని ఒక్కటియు లేదు.